గోడవతలి పాఠం

పెరట్లో గిన్నెలు తోముతున్న మార్తమ్మ చెయ్యి టక్కున ఆగిపోయింది. గోడవతల పక్కింటి పిల్ల దిల్షాద్ గట్టిగా చదువుకుంటోంది. "బ్రింగ్, బ్రింగ్‌డ్, బ్రింగ్‌డ్."

అయ్యో, కాదే తల్లీ! ఆ మాట బయటపడకుండా మార్తమ్మ బూడిద చేత్తోనే నోరు మూసుకుంది. జమ్మలమడుగు మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, టీచర్ ట్రైనింగ్ చేసిన మనిషి ఆమె. ఏడాది కిందట ఊళ్లో రెండు పార్టీలవాళ్లు నరుక్కున్నారు. పోయినవాళ్లలో దిల్షాద్ తండ్రి ఒకడు. ఆనాటి నుంచి ఈ పార్టీవాళ్లు ఆ పార్టీవాళ్లతో మాట్లాడకూడదు. మార్తమ్మది ఏ పార్టీ అని ఆమెను ఎవరూ అడగలేదు. మొగుడు దేవరాజు దిల్షాద్ వాళ్లకు ఎదుటి పార్టీ పెద్దాయన జీపు తోలుతాడు కాబట్టి ఆమె కూడా అటే.

ఆమె చదువూ అటే. "మన పార్టీ పిల్లోళ్లకు మా ఆడది ఊరికే ఇంగ్లీషు చెప్తాదిలేన్నా" అని దేవరాజే పెద్దాయనకు మాటిచ్చి వచ్చాడు. పొద్దంతా ఇంటి చాకిరీ, సాయంత్రం అరుగు మీద పదిమంది పిల్లలు. పైగా "మెల్లగ చెప్పు. నీ గొంతు అంగడి దాకా ఇనపడతాంది" అని అత్త యేసమ్మ సణుగుడు. పెళ్లయిన పదేళ్లుగా ఆమె మెల్లగానే మాట్లాడుతోంది, మెల్లగానే ఏడుస్తోంది.

వారంలో దిల్షాద్‌కు పదో తరగతి పరీక్షలు. ఇంగ్లీషులో తప్పితే ప్రొద్దుటూరు సంబంధం ఖాయం చేస్తానని ఆ పిల్ల చిన్నాయన అరిచిన అరుపులు నిన్ననే గోడ దాటి వచ్చాయి. పాపం, ఆ పిల్లకు తప్పు దిద్దే దిక్కు లేదు.

ఆ సాయంత్రం మార్తమ్మ అరుగు మీది చాపలు తెచ్చి పెరట్లో గోడవారగా పరిచింది. క్రియల మూడు రూపాలూ వరసగా ఎత్తుకుంది. మొదట మెల్లగా. తర్వాత అంగడి దాకా వినపడేంత గట్టిగా.

"బ్రింగ్, బ్రాట్, బ్రాట్!"

దేవరాజు పరుగున వచ్చాడు. "ఏందే ఆ అరుపులు? ఎవరికి చెప్తాండావు?"

"నువ్వు చెప్పమన్న పిల్లోళ్లకే. ఆ పక్కోళ్లతో నేనేమన్నా మాట్లాడితినా?"

"పెద్దాయనకు తెలిస్తే నా గతేంగావాల?"

"అయితే రేపటి నుంచి నువ్వే చెప్పు పాఠం."

మార్తమ్మ పిల్లల వైపు తిరిగి ఇంకోసారి గట్టిగా చెప్పింది. ఈసారి పిల్లలకంటే ముందు గోడవతలి నుంచి దిల్షాద్ అందుకుంది. "బ్రింగ్, బ్రాట్, బ్రాట్."

ఆ వెనకే ఆ పిల్ల తల్లి షాహీదాబీ గొంతు వినపడింది, ఏడాది తర్వాత మొదటిసారి.

"అక్కా, రోంత నిదానంగ చెప్పు. బిడ్డ రాసుకుంటాంది."

దేవరాజు వద్దన్నట్టు చెయ్యెత్తాడు. మార్తమ్మ ఆ చేతిని చూసింది, గోడను చూసింది.

"రాసుకోనీలే షాహీదా. నేను ఈడనే ఉంటా."