గొడుగు చెట్టుకు పోసిన నీళ్ళు

మా ఐస్‌క్రీమ్ కొట్టు ముందున్న చెట్టును అందరూ గొడుగు చెట్టు అనేవారు. ఏటా కత్తెర పట్టుకుని కొమ్మలు గుండ్రంగా కత్తిరించి దానికా రూపు తెచ్చింది మా పిన్ని. ఎండలో వచ్చినవాళ్ళు ఆ నీడ చూసే కూర్చునేవారు. కూర్చున్నాక రెండో కప్పు అడిగేవారు. అందుకే ఆ చెట్టు ఆకులు రాల్చడం మొదలుపెట్టగానే అమ్మకు గుండె జారిపోయింది.

మొదట ఆకుల అంచులు మాడాయి. తర్వాత గాలి లేకపోయినా రాలసాగాయి. ఒకాయన కప్పులో ఆకు పడితే, "ఆకు ఐస్‌క్రీమ్ కొత్తగా పెట్టారా?" అని నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

"ఇది మీ పిన్ని పనే" అంది నాతో.

పిన్ని మా దగ్గర ఉన్నన్నాళ్ళూ ఐస్‌క్రీమ్ గడ్డకట్టేలా పాలడబ్బా తిప్పేది ఆవిడే. డబ్బా చుట్టూ ఐసుగడ్డలూ రాళ్ళుప్పూ వేసి, రెక్కలు పడిపోయేలా తిప్పేది. పనయ్యాక మిగిలిన ఉప్పునీళ్ళను బకెట్లతో వీధి చివరి మురిక్కాలువ దాకా మోసేది. వేసవి మొదట్లో ఒకరోజు, కొట్టు నిండా జనం ఉండగా, అమ్మ ఆవిడ మీద విరుచుకుపడింది. "బకెట్లు మోయడం తప్ప నీకేం వచ్చే? నా నీడన బతుకుతూ నాకే ఎదురు చెబుతావా?"

పిన్ని చేతులు తుడుచుకుంది. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న దర్జీ కొట్లో పనికి కుదిరింది. మళ్ళీ మా గడప తొక్కలేదు.

ఇప్పుడు అమ్మ రోడ్డు మధ్యలో నిలబడింది.

"ఏం పోశావే నా చెట్టుకి? యాసిడా?"

పిన్ని పంటితో దారం తెంపింది. "పోశాననే అనుకో అక్కా."

"విన్నారుగా! దాని నోటితో అదే ఒప్పుకుంది!"

"ఇంకాస్త గట్టిగా అరువు. చివరింటివాళ్ళకి వినపళ్ళేదు."

వీధంతా నమ్మింది. నాకు మాత్రం నమ్మబుద్ధి కాలేదు. మర్నాడు గౌను కుట్టించుకునే నెపంతో పిన్ని దగ్గరికి వెళ్ళాను.

"నిజం చెప్పు పిన్నీ. నువ్వు పోయలేదు కదా?"

"నేనెందుకు పోస్తానే? రోజూ మీ అమ్మే పోస్తోందిగా."

"అమ్మా?"

"నేనొచ్చేశాక ఆ ఉప్పునీళ్ళు కాలువ దాకా ఎవరు మోస్తున్నారు?"

ఎవరూ మోయడం లేదు. నడుం నొప్పంటూ అమ్మ మెట్లు దిగి చెట్టు మొదట్లోనే కుమ్మరిస్తోంది. చెట్టుకు చల్లగా ఉంటుందని నాతో చెప్పి మురిసిపోయింది కూడా.

"తెలిసీ చెప్పలేదేం? అందరూ నిన్నే తిడుతున్నారు."

"తిట్టనీ. బకెట్లు మోయడం తప్ప ఏం రాదంది కదా. అవి మోయకపోతే ఏమవుతుందో కళ్ళారా చూసుకోమను." టేపు నా భుజాల మీద ఆనించి, "చెప్పాలనుంటే వెళ్ళి చెప్పుకో. నేనాపను" అంది.

అమ్మ ముందు నోరు తెరవడమంటే నాకు చెమటలు పడతాయి. కానీ చెట్టు చచ్చిపోతోంది. సాయంత్రం అమ్మ బకెట్ ఎత్తబోతుంటే అడ్డంగా నిలబడి, తడబడుతూనే అంతా చెప్పేశాను.

అమ్మ బకెట్ వదిలేసి నా వైపు తిరిగింది.

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు."

"చెప్పకు."

"ఇలా ఇవ్వమ్మా, నేను కాలువలో పారబోసొస్తా" అంటూ బకెట్ అందుకున్నాను.

బకెట్ నా చేతిలోంచి లాక్కుంది. "ఇవాళ్టి నుంచి మోస్తే, రేపు చెట్టు చిగురిస్తే, నెగ్గేది మీ పిన్నే. చెట్టు చస్తే, చంపింది అదేనని వీధంతా అంటుంది. అననీ."

మెట్లు దిగింది. పిన్ని చూస్తోందో లేదో ఒకసారి తలెత్తి చూసుకుని మరీ, నీళ్ళన్నీ చెట్టు మొదట్లో కుమ్మరించింది.

ఎదుటి కొట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. పిన్ని లేచి గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ ముఖంలో రక్తపు చుక్క లేదు. చేతిలోని గుడ్డ జారి కింద పడినా చూసుకోలేదు.

అమ్మ రెండో బకెట్ కోసం లోపలికి వెళ్ళింది.