మెడికల్ షాపు బయట పదకొండు నిమిషాలు

"బయట కట్టేసి లోపలికి వెళ్ళు. రెండు నిమిషాల్లో ఏం కొంప మునిగిపోతుంది?"

ఈ మాటన్నది మా ఆయనే. నాలుగేళ్ళ కిందట, సోఫాలో కాళ్ళు చాపుకుని, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండా అన్నాడు. కుక్కను ఏ షాపులోకీ రానివ్వడం లేదు, దాన్ని తిప్పి తెచ్చి ఇంట్లో వదిలి మళ్ళీ సామాన్లకి వెళ్దామంటే టైము చాలడం లేదు, ఏం చెయ్యమంటారని నేనడిగితే దొరికిన సలహా అది. సలహాల విషయంలో ఆయన నాకు ఎప్పుడూ లోటు చెయ్యలేదు.

ఆ కుక్కను నేను కోరుకోలేదు. మావాడు కాలేజీలో చేరిన కొత్తలో అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. నల్లగా, గుండ్రంగా ఉందని 'మిరియం' అని పేరు పెట్టాడు. "అంతా నేనే చూసుకుంటానమ్మా, నువ్వు ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. "మంచిదే, పిల్లాడికి బాధ్యత తెలుస్తుంది" అన్నాడు మా ఆయన. "నా గదిలోకి మాత్రం రానివ్వకండి" అంది మా అత్తయ్య. ఇంట్లో వద్దన్నది నేనొక్కదాన్నే. మావాడి ఉత్సాహం ఎనిమిది రోజులుంది. తొమ్మిదో రోజు నుంచి బాధ్యత నాకు తెలియడం మొదలైంది. దాని స్నానం, దాని సూదిమందులు, సోఫా మీద రాలిన దాని బొచ్చు, ఉరుములొస్తే మంచం కింద దూరి వణికే దాని భయం, అన్నీ నావే. ఫోటోలు మాత్రం వాళ్ళవి. ఆదివారం పొద్దున్నే దానికి తల దువ్వి పక్కన కూర్చోబెట్టుకుని తీసుకుంటారు. ఎవరైనా వస్తే "మా మిరియం" అంటారు. అది కార్పెట్ మీద పాడు చేస్తే మాత్రం "నీ కుక్క చూడు ఏం చేసిందో" అంటారు.

నేను రక్తపరీక్షల ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తాను. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నా, ల్యాబుకి ఎవరైనా పెద్ద డాక్టరు వస్తే మేనేజరు నా టేబులు దగ్గరికే వస్తాడు. "మేడం, ఏమనుకోకండి, మీరు పెడితే టీ బాగుంటుంది." ఆ తర్వాత ఆగిపోయిన రిపోర్టులు పూర్తి చేసి బయటపడేసరికి అయిదున్నర. ఇల్లు చేరేసరికి ఆరు. అప్పటికి మిరియం తలుపు దగ్గర తోక ఆడిస్తూ ఉంటుంది, మా అత్తయ్య మాత్రల చీటీ చేతిలో పెడుతుంది, మా ఆయన ఆఫీసు నుంచి ఫోన్ చేసి "ఇస్త్రీ బట్టలు రేపటికి కావాలి" అంటాడు. కుక్కకీ చీటీకీ బట్టలకీ కలిపి నాకున్నది ఒక గంట. ఆ గంటలో నాలుగు షాపులు, నాలుగు చోట్ల కట్టడం.

కట్టడంలో కూడా పనితనం ఉంటుంది. మెడికల్ షాపు ముందు మెట్ల పక్కన ఇనప కమ్మీ ఉంది, అది మంచిది, నీడ పడుతుంది. కూరగాయల షాపు దగ్గర నీళ్ళ గొట్టానికి కట్టాలి, కానీ పక్కన బైకులు పెడతారు, తాడు పొట్టిగా వదలాలి. ఇస్త్రీ షాపు ముందు చెత్త ఉంటుంది, ఏదో ఒకటి నోట పెడుతుంది. పాల దుకాణం ముందు ఎండాకాలం నేల కాలుతుంది, ముందు నా అరచెయ్యి పెట్టి చూసి కడతాను. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా.

మొన్న సాయంత్రం మెడికల్ షాపులో మా అత్తయ్య బీపీ మాత్ర దొరకలేదు. కంపెనీ మారింది, వేరేది ఇవ్వొచ్చో లేదో డాక్టరుగారిని అడుగుతానని షాపతను ఫోన్ పట్టుకున్నాడు. నేను అద్దంలోంచి రెండుసార్లు బయటికి చూశాను. మిరియం కూర్చోలేదు. ఎప్పుడూ కూర్చోదు. నేను లోపలికెళ్ళిన తలుపు మీదే చూపు పెట్టి, చెవులు రిక్కించి నిలబడి ఉంటుంది. ఎవరో పిల్ల బిస్కెట్టు విసిరితే వాసన కూడా చూడలేదు. మూడోసారి చూసేసరికి కమ్మీ దగ్గర ఎవరూ లేరు. తాడు కూడా లేదు.

మిగతా మందులు కౌంటరు మీదే వదిలేసి బయటికి పరిగెత్తాను. ఇస్త్రీ షాపు దాకా వెళ్ళాను, వెనక్కొచ్చాను, సందులోకి వెళ్ళాను. "నల్ల కుక్కండీ, ఎర్ర బెల్టు" అని కనపడ్డవాళ్ళందరినీ అడిగాను. మావాడికి ఫోన్ చేస్తే ఎత్తలేదు, "క్లాసులో ఉన్నా, ఏంటి" అని మెసేజి పెట్టాడు. మా ఆయన ఎత్తి, "మీటింగులో ఉన్నా, నువ్వే చూడు" అని పెట్టేశాడు. నడిరోడ్డు మీద నిలబడి నేను పైకే ఏడ్చాను. వద్దన్న కుక్క కోసం అంత ఏడుపొస్తుందని నాకూ తెలియదు.

అప్పుడు ఫోను టింగుమంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపు. కమ్మీకి కట్టిన మిరియం ఫోటో, కింద నాలుగో అంతస్తు రిటైర్డ్ ఇంజినీరు రాసిన మాటలు: 'మన వాళ్ళ కుక్కే. పదకొండు నిమిషాలుగా రోడ్డు మీద అనాథలా. భద్రత కోసం తీసుకొచ్చి సెక్యూరిటీ గదిలో ఉంచాను. పెంచలేనివారు పెంచకూడదు.' నేను గేటు చేరేలోగా ఇరవై ఆరుగురు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకావిడ 'పాపం, వాళ్ళావిడకి ఆ మాత్రం జాలి లేదా' అని రాసింది. వాళ్ళాయన సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇంజినీరుగారు గది బయటే కుర్చీ వేసుకుని ఉన్నారు. మిరియం నన్ను చూసి మీద పడి మొహమంతా నాకింది.

"ఏమ్మా, నోరులేని జీవం కదా. అలా వదిలేస్తే ఎలా? నేను గడియారం చూశాను, సరిగ్గా పదకొండు నిమిషాలు."

"ఆ పదకొండు నిమిషాలూ మీరేం చేస్తున్నారండీ?"

"చూస్తూ నిలబడ్డానమ్మా, ఎవరొస్తారా అని."

"లోపలికొచ్చి ఒక్క మాట చెప్పొచ్చుగా. నేను అయిదడుగుల దూరంలో ఉన్నాను."

"మందుల షాపులో నాకేం పని?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

ఆయన మీద ఒళ్ళు మండింది గానీ, ఒక మాట ఒప్పుకోవాలి. ఆయన రాసింది తప్పు కాదు. కుక్కను అలా షాపుల ముందు కట్టేసి వెళ్ళకూడదు. ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, తాగినవాడు తన్నొచ్చు, భయపడి ఏ పిల్లనో కరవొచ్చు. అవేవీ జరగకపోయినా, మనం వస్తామో రామో దానికి తెలియదు. రెండు నిమిషాలకీ రెండు గంటలకీ తేడా దానికి ఎవరు చెబుతారు? ఈ సంగతి నాకు నాలుగేళ్ళుగా తెలుసు. అద్దంలోంచి చూసిన ప్రతిసారీ తెలుసు. తెలిసీ కట్టాను, ఎందుకంటే నాకున్నది ఒక గంట, రెండు చేతులు. ఆ సిగ్గు నాదే, దాన్ని ఎవరి మీదా తోసెయ్యను. కానీ ఆ గంటలోకి ఇంత పని ఎవరు కూరారో కూడా నాకు తెలుసు.

రాత్రికి ఇంట్లో అందరూ చేరారు, పంచాయితీ సిద్ధంగా ఉంది. మా ఆయన అపార్ట్‌మెంట్ సంఘానికి సెక్రటరీ. రోజూ పొద్దున్నే ఆ గ్రూపులో సూర్యోదయం బొమ్మ మీద దయ, కరుణ గురించి రెండు వాక్యాలు పంపే మనిషి. అవమానం ఆయనది అన్నట్టు కూర్చున్నాడు.

"అంతమందిలో నాకు తల కొట్టేసినట్టయింది. కుక్కని రోడ్డు మీద కట్టేస్తారా ఎవరైనా? బుద్ధున్నవాళ్ళు చేసే పనేనా?"

"మీరే కదండీ కట్టేసి వెళ్ళమన్నది?"

"ఎప్పుడో ఏదో అన్నానని అదే పట్టుకుంటావా? నీకంటూ ఆలోచన ఉండదా?"

"అమ్మా, నా ఫ్రెండ్స్ కూడా చూశారు ఆ ఫోటో. ఎంత క్రూరంగా ఉందో తెలుసా?" అన్నాడు మావాడు. వాడి కళ్ళల్లో నిజంగానే నీళ్ళున్నాయి. దాన్ని ముద్దుపెట్టుకుని, చెవులు నిమిరి, తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అది ఆ పూట నీళ్ళు తాగిందో లేదో చూడలేదు.

"ఇంటి మీద ధ్యాసుంటే ఇలాంటివి జరగవు" అంది మా అత్తయ్య. ఆ వెంటనే, "నా మాత్రలేవి?" అంది.

అందరూ కూర్చుని తేల్చింది ఒకటే, ఇకమీదట మిరియాన్ని ఏ షాపు ముందూ కట్టకూడదు. ముగ్గురూ ఒక్క మాట మీద నిలబడడం, ఆ కుక్కను తెచ్చిన రోజు తర్వాత, నేను మళ్ళీ అప్పుడే చూశాను. మరి తాడు ఎవరు పట్టుకుంటారు, చీటీ ఎవరు పట్టుకుంటారు అన్న దగ్గరికి మాత్రం ఎవరూ రాలేదు. మా ఆయన క్షమాపణ రాసి నా ఫోనుకి పంపాడు. 'గౌరవనీయులైన నివాసితులకు, నా నిర్లక్ష్యం వల్ల ఒక మూగజీవి బాధపడినందుకు సిగ్గుపడుతున్నాను. ఇకపై గృహబాధ్యతల్లో మరింత జాగ్రత్త వహిస్తానని హామీ ఇస్తున్నాను.' రేపు మధ్యాహ్నంలోగా నువ్వే గ్రూపులో పెట్టు, నీ మాటల్లా ఉండాలి, అన్నాడు. పెట్టకపోతే, తన ఆఫీసులో ఎవరికో పెద్ద పెరడున్న ఇల్లుందట, కుక్కను వాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు.

ఆ మాటకి కిందికి చూశాను. మిరియం నా కాళ్ళ మీద గడ్డం ఆనించి నిద్రపోతోంది. పెట్టేద్దామనుకున్నాను. ఇరవై మూడేళ్ళ కాపురంలో ఇంతకన్నా పెద్ద పెద్ద వాటికే క్షమాపణ చెప్పాను, చెయ్యని వాటికి కూడా. ఇంకొకటి ఎక్కువైతే నాకేం బరువు?

మర్నాడు ల్యాబులో, భోజనాల టైములో, ఆయన రాసింది తెరిచాను. నా పనిలో ఒక నియమం ఉంది. పరీక్షలో ఏది తేలితే అదే టైపు చెయ్యాలి. పేషెంటుకి ఏది ఇష్టం, డాక్టరుకి ఏది నచ్చుతుంది, అనవసరం. తొమ్మిదేళ్ళలో ఒక్క అంకె కూడా ఎవరి కోసమూ మార్చలేదు. అలాంటి చేత్తో ఇది పంపలేకపోయాను. అంతా చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

'నిన్న మెడికల్ షాపు బయట కుక్కను కట్టింది నేనే. అది పదకొండు నిమిషాలు కాదు, ఇంజినీరుగారు చూడకముందువి కూడా కలిపితే పదిహేను. నాలుగేళ్ళుగా దాదాపు రోజూ కడుతున్నాను. అది తప్పు, ఈ రోజు నుంచి కట్టను. కుక్కతో బయటికి వెళ్తే కుక్కతోనే ఉంటాను, ఏ షాపులోకీ వెళ్ళను. మందులు, పాలు, కూరగాయలు, ఇస్త్రీ బట్టలు తేవడానికి మా ఇంట్లో కాళ్ళు బాగున్నవాళ్ళు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళలో ఒకరు మన సంఘం సెక్రటరీ. కుక్క మా ఇంట్లోనే ఉంటుంది.'

పంపేసి భోజనం చేశాను. మేనేజరు వచ్చి, డాక్టర్లొచ్చారు, టీ అన్నాడు. "ఇంకా పదిహేడు రిపోర్టులున్నాయండీ, టీ మీరు చూసుకోండి" అన్నాను. అతను వెళ్ళిపోయాడు.

ఆ రోజు మా ఆయన నాకంటే ముందే ఇంటికొచ్చాడు. "ముందది డిలీట్ చెయ్యి! పరువు తీశావు!"

"అందులో అబద్ధం ఏదుందో చూపించండి, తీసేస్తాను."

చదివాడు. మళ్ళీ చదివాడు. పళ్ళు కొరుకుతూ మూడోసారి చదివాడు. కింద ఎవరో 'మా ఇంట్లో కూడా ఇంతే' అని రాశారు, దాని కింద ఇంకొకరు, ఇంకొకరు. "ఆ కుక్కని రేపే పంపించేస్తా" అన్నాడు. "పంపండి. అది లేకపోయినా షాపులు ఇక మీవే" అన్నాను.

"మీ గొడవ తర్వాత పడండి" అంది మా అత్తయ్య. "ఈ పూట మాత్రలు లేవు. ఎవరు తెస్తారు?"

అలవాటుగా ముగ్గురి చూపులూ నా మీదికే వచ్చాయి. నేను తాడు తీసుకున్నాను, మిరియం లేచింది, ఇద్దరం బయటికి నడిచాం. పది నిమిషాల్లో మావాడు ఫోన్ చేశాడు, ఇస్త్రీ షాపు ఏ వైపని.

ఎప్పుడూ వెళ్ళే దారే, కానీ ఎక్కడా ఆగనక్కర్లేదు. అది వాసన చూసినంతసేపు చూడనిచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు మెడికల్ షాపు అద్దంలోంచి మా ఆయన కనిపించాడు, జనం మధ్య, చీటీ పట్టుకుని. నన్ను చూడగానే అరచెయ్యి ఎత్తి ఆగమన్నాడు. వెంటనే ఫోన్ చేశాడు.

"ఆ మాత్రేదో మారిందట, డాక్టరుకి చేస్తున్నారు, ఎంతసేపవుతుందో తెలీదు. ఏదైనా అడిగితే నీకే తెలుసు కదా. నువ్వక్కడే బయట నిలబడు, కదలకు. అయిపోగానే వస్తా."

నువ్వక్కడే నిలబడు. ఈ మాట బ్యాంకు బయట విన్నాను, ఆయన స్నేహితుల ఇళ్ళ ముందు స్కూటరు పక్కన విన్నాను, ఎండలో ఆగిన కారులో విన్నాను, నా జీతంతో సగం కట్టిన ఫ్లాటు కాగితాలు రాసుకునే గది బయట బెంచీ మీద కూడా విన్నాను. ప్రతిసారీ నిలబడ్డాను. ఎంతసేపని ఎవరూ గడియారం చూడలేదు.

"కుక్కనే అలా బయట నిలబెట్టకూడదని నిన్న మీరంతా కూర్చుని తేల్చారు కదండీ," అన్నాను. "మరి నన్నెలా నిలబెడతారు?"