చేతులెత్తే పద్ధతి

మధ్యాహ్నం పన్నెండున్నరకి, నాలుగో సాంచా మీద, అంటే కరెంటు మగ్గం మీద, టవల్ సగం దిగి ఉండగా, సిద్ధరాములుకు చాయ్ వచ్చింది.

కుంఠా నాకా దగ్గరి ఆ కార్ఖానాలో అతను ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాడు. శేఠ్ తరఫున అతనికి వచ్చిన మొదటి చాయ్ అది. దీపావళికి రాలేదు. శేఠ్ తండ్రి పోయినప్పుడు పాడె మోసినందుకూ రాలేదు. అందుకే సిద్ధరాములు గ్లాసు పట్టుకున్నాడు గాని తాగలేదు. చాయ్‌తో పాటు కబురు కూడా వచ్చింది, లోపల గదిలోకి రమ్మని.

కార్ఖానాలో ఇరవై నాలుగు సాంచాలు. ఆ చప్పుడులో దేవుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నా ఎవరికీ వినపడదు. అందుకే అక్కడ అందరూ చేతులతో మాట్లాడుకుంటారు. బొటనవేలు నోటికి పెడితే నీళ్లు. పిడికిలి తిప్పితే నూలు అయిపోయింది. చెయ్యి నిటారుగా ఎత్తితే సాంచా ఆగిపోయింది, బాగుచేసే జాబర్ రావాలి. ఒక్కో మనిషి నడిపే నాలుగు సాంచాలూ ఆగకుండా పన్నెండు గంటలు నడిస్తే కూలి ఐదువందల యాభై. ఆగిన సాంచా పైసా ఇవ్వదు కనక సిద్ధరాములు ప్రాణం మీదికొస్తే తప్ప చెయ్యి ఎత్తడు.

"కూసో, సిద్ధరాములు," అన్నాడు వాసుదేవ్ శేఠ్.

సిద్ధరాములు ఆ కుర్చీని ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాడు గాని కూర్చోవడం ఇదే మొదలు. పావుకిలో బరువు మాత్రమే ఆనేలా అంచున కూర్చున్నాడు.

"నీ బిడ్డ యూనివర్సిటీల డబ్బా పెట్టుమంటున్నదట గద?"

"ఏం డబ్బా, శేఠ్?"

"ఓట్ల డబ్బా. చిట్టీ మీద రాసి, మలిచి, ఎవలకు కనపడకుంట ఎయ్యాలెనట. మా కొడుకు తుషార్ మూడేండ్లసంది సంఘానికి అధ్యక్ష్ ఉన్నడు. ఒక్కడన్న విరోధ్ చేసిండా? అందరు నవ్వుకుంట చెయ్యెత్తుతరు. గింత మంచిగ నడుస్తుంటే డబ్బా ఎందుకు?"

"దానికి తెల్వదు శేఠ్. చిన్న పోరి."

"ఎంఏ చదువుతున్నది, చిన్న పోరేంది?" శేఠ్ ప్రేమగా నవ్వాడు. "రేపు పదకొండు గంటలకు సభ. ఎవలి చెయ్యి లేస్తదో మావోళ్లు మొబైల్ల షూటింగ్ తీస్తరు, యాదికి. నీ బిడ్డ చెయ్యి అండ్ల కనపడొద్దు. కనపడితె ఎల్లుండిసంది నీ సాంచాలు ఆ కొత్త పోరడు సంతోష్ నడుపుతడు. బస్, అంతే. చాయ్ తాగు, చల్లగైతది."

సిద్ధరాములు తాగాడు. చక్కెర ఎక్కువే వేశారు.

ఇక్కడ తుషార్ గురించి కొంచెం చెప్పాలి. అతని పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే వస్తుంది గాని దాని ఫ్లెక్సీలు కొంతం చౌక్‌లో ఏడాది పొడుగునా ఉంటాయి. వాటి వెనకున్న చెప్పుల దుకాణం ఎండ మొహం చూసి రెండేళ్లయింది. విద్యార్థి సంఘం నిబంధనల్లో తొమ్మిదోది ఏమంటుందంటే, అధ్యక్షుణ్ని సభలో అందరూ చేతులెత్తి ఎన్నుకోవాలి. పదోది ఏమంటుందంటే, ఏ నిబంధన మార్చాలన్నా అదే సభలో చేతులెత్తే మార్చాలి. రాసిన పెద్దమనిషెవరో గాని పెట్టెకు తాళం వేసి, తాళంచెవి పెట్టెలోనే వదిలాడు. చెయ్యెత్తడానికి భయపడేవాళ్లు, ఆ భయం పోయే పద్ధతి కావాలంటే, ముందు చెయ్యెత్తాలి. వేదిక మీద కూర్చునే పిల్లల తండ్రులకు కార్ఖానాలున్నాయి. కింద కూర్చునే పిల్లల తండ్రులు ఆ కార్ఖానాల్లోనే ఉన్నారు.

సిద్ధరాములు కూతురు ఋతుజ, ఆమె దోస్తు దీపాలి కలిసి పోయిన నెల ఒక బిస్కెట్ డబ్బాకు చిల్లుపెట్టి క్లాసు క్లాసుకీ తిప్పారు. ఆరువందల చిట్టీలు పడ్డాయి. ఐదువందల పన్నెండు మంది రహస్య ఓటు కావాలన్నారు. ఎనభై ఏడుగురు చేతులే చాలన్నారు. ఒకరు మాత్రం క్యాంటీన్‌లో వడాపావ్ ఇరవై రూపాయలేందని అడిగారు. ఆ లెక్క జతచేసి ఇద్దరూ సంతకాలు పెట్టి ప్రతిపాదన ఇచ్చారు. బిస్కెట్ డబ్బా సంగతి తొమ్మిదో నిబంధనలో లేదు కనక సంఘం ఆ లెక్కను గుర్తించలేదు. సంతకాలను మాత్రం బాగా గుర్తించింది.

సాయంత్రం జోడ్‌భావి పేట్‌లో, సిద్ధరాములు ఇంటికొచ్చేసరికి భార్య సుందరాబాయి చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. ఋతుజ పక్కన కూర్చుని ఆకు కత్తిరిస్తోంది. అతను చెప్పులు విడవకుండానే జరిగిందంతా చెప్పాడు.

"రేపు చెయ్యి ఎత్తకు, బిడ్డా."

"ఐదొందల మంది రాసిచ్చిండ్రు, నాయినా!"

"రాసిచ్చిండ్రు. పేరు పెట్టి రాసిచ్చిండ్రా?"

ఋతుజ కత్తెర ఆగింది.

"వెయ్యి బీడీలు చుడితె రెండొందల చిల్లర," అంది సుందరాబాయి, తల ఎత్తకుండా. "మీ నాయిన సాంచాలు పోతె నేను దినాం నాలుగు వేలు చుట్టాలె. నాకున్నయి రెండు చేతులు. మీ డబ్బాల ఇంకో రెండు దొరుకుతయేమో చూడు, తల్లి."

ఎవరూ నవ్వలేదు. చెప్పిన ఆమె కూడా.

సిద్ధరాములు కూతురి ముందు చతికిలబడ్డాడు. "నా మీద ఒట్టు పెట్టు. రేపు ఏమైన గానీ, నీ చెయ్యి లేవద్దు."

కూతురు కత్తెర ఆకుల మీద పెట్టింది. తర్వాత తండ్రి తల మీద చెయ్యిపెట్టింది. ఆ జుట్టునిండా నూలు దూది.

"లేపను, నాయినా. ఒట్టు."

మర్నాడు పదకొండుకి హాలు నిండింది. వేదిక వెనక 'నాలుగోసారి ఏకగ్రీవం' అన్న బ్యానర్ కట్టి ఉంది. ఎన్నిక ఇంకా రెండు నెలలుంది. అచ్చు ఖర్చు ఇప్పుడు తక్కువట. ఋతుజ ఐదో వరసలో దీపాలి పక్కన కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. చేతుల మీద ఆమెకు నమ్మకం లేదు.

కార్యదర్శి ప్రతిపాదనను రైలు ఆలస్యాన్ని ప్రకటించినట్టు చదివాడు. ఇక డబ్బా కావాలన్నవాళ్లు చెయ్యెత్తాలి. కాని తుషార్ మైకు లాక్కున్నాడు. అతనికి ఒక పెద్ద ఇబ్బంది ఎదురైంది. డబ్బా ఎవరికి కావాలని అడిగితే ఒక్క చెయ్యీ లేవదు. బాగుంది. కాని ఒక్క చెయ్యీ లేవని హాలును షూటింగ్ తీస్తే చావు ఇల్లులా ఉంటుంది. దాంతో రీల్ ఏం చేస్తాడు?

"మిత్రాంనో! ఉల్టా అడుగుత," అన్నాడు. "మన పాత పద్ధతే ఎవలకు పసంద్? చేతులు లేపుండ్రి! జోర్‌సే!"

హాలంతా చేతులు లేచాయి. డబ్బాలో చిట్టీలు వేసిన ఐదువందల పన్నెండు మందివీ లేచాయి. దీపాలిదీ లేచింది. దీపాలి తల తిప్పి కిటికీ వైపు చూస్తోంది. వాళ్ల నాయిన కూడా వాసుదేవ్ శేఠ్ కార్ఖానాలోనే నూలు చుడతాడు.

ఋతుజ చుట్టూ చూసింది. చిన్నప్పుడు తండ్రికి అన్నం డబ్బా పట్టుకుని కార్ఖానాకు పోయేది. అక్కడ లేచిన చెయ్యంటే ఆగిన సాంచా. ఇన్ని సాంచాలు ఒక్కసారి ఆగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

నాయిన అడిగింది ఇది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇప్పుడు చెయ్యి ఎత్తితేనే నాయిన సాంచాలు నాయినకే ఉంటాయి. ఎత్తడం ఎంతసేపు? ఆమె తొడల కింది నుంచి చేతులు తీసింది. రెంటినీ మోకాళ్ల మీద, అందరికీ కనపడేలా పెట్టింది.

తుషార్ మనిషి మంగేశ్ మొబైల్ పట్టుకుని వరసలు దాటుతూ వచ్చి ఆగాడు.

"ఏయ్, చెయ్యి లేపు. షూటింగ్ ఖరాబైతుంది."

"లేపను."

"ఏమైంది, చెయ్యి నొస్తుందా?"

"మా నాయిన మీద ఒట్టు పెట్టిన. ఇయ్యాల చెయ్యి లేపనని. మీ శేఠే పెట్టిపిచ్చిండు. పోయి అడుగు."

వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వి, నోరు మూసుకున్నారు. మంగేశ్ మొబైల్ దించలేదు. తెర మీద చేతుల అడవి, మధ్యలో ఒక చిన్న ఖాళీ.

తొమ్మిదో నిబంధన ప్రకారం చేతులు లెక్కపెట్టాలి. అప్పటిదాకా ఎవరూ దించకూడదు. కార్యదర్శి మొదటి వరస నుంచి వేలితో లెక్కపెడుతూ వస్తున్నాడు. ఐదో వరస దగ్గర, ఆ ఖాళీ దగ్గర, తడబడ్డాడు. తుషార్ వైపు చూశాడు. లెక్క తప్పిపోయింది. మొదటికి పోయి మళ్లీ ఒకటి అన్నాడు.

చేతులు నొప్పెడుతున్నాయి. ఋతుజ పక్కన దీపాలి మోచెయ్యి కొద్దిగా వంగింది. నొప్పికో, మరెందుకో. మంగేశ్ మొబైల్ అటు తిరిగింది.

అయినా ఆ మోచెయ్యి ఇంకాస్త వంగింది.