ఎనిమిదో మెట్టు

లెక్కల టీచరమ్మ సెలవులన్నీ ఆ సంఖ్యలకే ధారపోసింది. మూడు, ఒకటి, ఈ రెండు అంకెలే వాడాలి. ముందు వరసగా మూడులు, చివర ఒక్క ఒకటి. 31, 331, 3331... అలా ఏడింటిని పేర్చి, ఒక్కోదాన్నీ చేత్తోనే భాగించి చూసింది. ఏడూ ప్రధాన సంఖ్యలే! ఒకటితోనూ తనతోనూ తప్ప దేంతోనూ తెగలేదు. ఏడోదానికే మూడు వారాలు పట్టింది, వేలు కాయ కాచింది.

ఎనిమిదోదాన్ని మాత్రం ముట్టుకోలేదు.

"అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుంది. నేను ఏడు పట్టుకున్నానండీ," అని హెడ్‌మాస్టరుని ఒప్పించి, బడి మెట్ల మీద మెట్టుకొకటి చొప్పున ఎనిమిదీ రాయించింది.

పెయింటరు ఆఖరి మెట్టు ముగిస్తుండగా వదిన వచ్చింది. బట్టలు కుట్టే మనిషి. సాయంత్రాలు ఇద్దరూ కలిసే ఇంటికెళతారు. ఊరికే కూర్చోలేక, కొలతల కాగితం వెనక ఏదో గీకడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, ఈ పైది పదిహేడో ఎక్కంలో పోతోందే!"

"పోదు వదినా. ఎక్కడో తప్పేసుంటావ్."

"ఏమో మరి. ఏడు పోలేదు, పదకొండు పోలేదు, పదమూడూ పోలేదు. పదిహేడుకి శేషం సున్నా!"

టీచరమ్మ నవ్వుతూ కాగితం అందుకుంది. సగంలోనే నవ్వు ఆగింది. మళ్లీ చేసింది. మూడోసారి తలకిందులుగా, గుణించి చూసింది. 17 × 19607843. అక్షరాలా 333333331.

నెత్తిన పిడుగు పడ్డట్టయింది. తడి రంగు మీదే కూలబడింది.

"అయ్యో మేడమ్, బట్టలు!" అన్నాడు పెయింటరు. ఆమెకు వినబడలేదు.

"పదిహేడా? వందల భాగహారాలు చేశానే! దీన్ని అయిదు నిమిషాలు చూడలేకపోయానా?"

"తోచక చేశాను తల్లీ, ఇంత పనవుతుందనుకోలేదు," అంది వదిన బిక్కమొహంతో.

"చెరిపెయ్యమంటారా?" అడిగాడు పెయింటరు.

"వద్దు," అంది టీచరమ్మ. " పక్కనే ఆ గుణకారం రాయి. ఎర్రగా."

మర్నాడు పిల్లలందరినీ మెట్ల దగ్గర నిలబెట్టి, దాచకుండా జరిగిందంతా చెప్పింది.

"మరి తొమ్మిదోది, టీచర్?" అడిగిందొక పిల్ల.



"తెలీదు," అంది టీచరమ్మ. పదిహేనేళ్లలో క్లాసు ముందు ఆ మాట అనడం అదే మొదలు.

పిల్లలు అప్పటికే నోటుపుస్తకాలు తీసి మెట్ల మీద చతికిలబడ్డారు.