మైదానం మధ్యలో ఆగిన మెషీన్

గడ్డి కోసే మెషీన్ మళ్ళీ ఆగిపోయింది. ఈసారి సగం మైదానం కూడా దాటలేదు.

అప్పలసూరి ఇంజన్ మీద చెయ్యి పెట్టబోయి చటుక్కున లాక్కున్నాడు. పెనంలా కాలుతోంది.

"కిరసనాయిలు!" అని అరిచాడు, చుట్టూ చేరిన నలుగురితో. "పెట్రోల్ కొట్టేసి దాన్లో కిరసనాయిలు కలిపితే ఇంజన్ ఇలాగే మండిపోద్ది. నాను సెప్తన్నాను, ఇది పక్కా నూకరాజు పని!"

భిలాయ్ సెక్టర్ 4లో తెలుగు సంఘం మైదానానికి నూకరాజు వాచ్‌మన్. మెషీన్, పెట్రోల్ డబ్బా ఉండేది అతని గదిలోనే. ఉక్కు కర్మాగారంలో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసి రిటైరైన అప్పలసూరి, ఆ గడ్డి కోసే పనిని అడిగి మరీ నెత్తికెత్తుకున్నాడు. కొత్తలో మెషీన్ మైదానమంతా ఒక్క ఊపున కోసేది. ఆ తర్వాత ముప్పావు. ఇప్పుడు సగం కూడా లేదు. ఎవడో ఏదో చేస్తున్నాడు!

"బావా, నా స్టవ్వుకే కిరసనాయిలు సాలట్లేదు," అన్నాడు నూకరాజు. "నీ మెషీన్లో ఎక్కడ పొయ్యను?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. సంఘం సెక్రటరీ దక్షిణామూర్తి మాత్రం నవ్వలేదు. "సాయంత్రం కమిటీ ఉంది. రుజువు చూపించండి, అప్పలసూరి గారూ. నిజమే అయితే నూకరాజు రేపటికల్లా గది ఖాళీ చెయ్యాలి."

నూకరాజు మొహంలో నవ్వు ఆరిపోయింది.

అప్పలసూరి ఎప్పటిలాగే తడి గోనెపట్టా ఇంజన్ మీద కప్పి, పైన చెంబెడు నీళ్ళు పోశాడు. ఫర్నేస్ గోడల్ని రాత్రింబవళ్ళు కాపాడేది నీళ్ళే. వేడికి అంతకు మించిన మందు ఉంటుందని అతను ఏనాడూ అనుకోలేదు.

ఇంజన్ చల్లబడేలోగా స్కూటర్ మీద రిసాలి వైపు వెళ్ళి, బంకులో తన కళ్ళముందే పెట్రోల్ పోయించుకుని వచ్చాడు. ట్యాంకులో పాతది వంపేసి కొత్తది నింపాడు. ఇప్పుడు మెషీన్ చక్కగా నడిచిందంటే నూకరాజు దొరికిపోయినట్టే.

తాడు లాగాడు. మెషీన్ బుర్రుమని లేచింది. ఒక వరస కోసింది, రెండో వరసలో దగ్గింది, మూడో వరసకి చచ్చింది.

అన్నం క్యారేజీ పట్టుకొచ్చిన గున్నమ్మ గట్టు మీద కూర్చుని మొగుణ్ణి చూస్తోంది. "ఏటి మావా, నీ దొంగ పెట్రోల్ బంకులో కూడా ఉన్నాడేటి?"

"నువ్వూరుకో!"

కానీ అతనిలో కోపం తగ్గి, మరొకటి మొదలైంది. పెట్రోల్ కాకపోతే మరేమిటి? ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూశాడు. గీత దాకా ఉంది. మళ్ళీ స్టార్ట్ చేసి, నడపకుండా పక్కన కూర్చుని దాన్నే చూడసాగాడు.

గాలికి ఒక ఎండుటాకు ఎగిరొచ్చి ఇంజన్ నెత్తిన ఉన్న జల్లెడ మీద పడింది. అదురుకి జారి కింద పడిపోయింది.

అప్పలసూరి కళ్ళు చిన్నవయ్యాయి. కొత్తలో ఆకు పడితే ఆ జల్లెడకి అతుక్కుపోయేది. వేలితో పీకాల్సి వచ్చేది. లోపలి ఫ్యాను అంత గట్టిగా గాలి పీల్చేది. జేబులోంచి పల్చటి కాగితం ముక్క తీసి జల్లెడ దగ్గర పెట్టాడు. కాగితం కదల్లేదు.

"గున్నీ, ఇది ఊపిరి తియ్యట్లేదే!"

మెషీన్ ఆపి, చల్లారాక బోల్టులు విప్పి పైకప్పు ఎత్తాడు. ఇంజన్ ఒంటి చుట్టూ గాలి తగలడానికి పల్చటి రేకుల వరసలుంటాయి. ఆ సందుల్లో ఒక్క చోటా ఖాళీ లేదు. గడ్డి పొడి, దుమ్ము కలిసి బురదై, ఆ బురద కాలి ఇటుకలా బిగుసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఒక పెళ్ళ ఊడగొట్టి వేళ్ళ మధ్య నలిపాడు. లోపల గోధుమరంగు పీచు కనబడింది.

గోనె పీచు.

తను కప్పిన గోనెపట్టాదే. పొడిగా ఉంటే దుమ్ము గాలికే రాలిపోయేది. తను నీళ్ళు పోసినప్పుడల్లా అది అంటుకుంది, వేడికి కాలింది. మర్నాడు ఇంజన్ ఇంకా వేడెక్కింది, తను ఇంకా నీళ్ళు పోశాడు.

"దొంగ దొరికాడేటి?" అంది గున్నమ్మ.

వేపపుల్లతో, పొడి బ్రష్షుతో సందు సందూ గోకి శుభ్రం చేశాడు. పొరపాటున స్టార్ట్ కాకుండా ప్లగ్ వైరు ఊడదీసి, మొద్దుబారిన బ్లేడుకి ఆకురాయితో పదును పెట్టాడు. ఇంజన్ మీద భారం తగ్గేలా బ్లేడు ఒక మెట్టు ఎత్తి బిగించి, పైకప్పు, వైరు మళ్ళీ తగిలించి తాడు లాగాడు. మెషీన్ మైదానమంతా కోసి, ఆపితే తప్ప ఆగనంది.

సాయంత్రం దక్షిణామూర్తి కమిటీ వాళ్ళతో వచ్చి చదునైన గడ్డిని చూశాడు. "శభాష్! కొత్త పెట్రోల్ పోశారటగా. పోయగానే నడిచిందన్నమాట. ఇంకేం రుజువు కావాలి?"

అప్పలసూరి అవునంటే చాలు. పైకప్పు కింద ఏముండేదో గున్నమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. గది గుమ్మంలో నూకరాజు అప్పుడే ట్రంకు పెట్టె సర్దుకుంటున్నాడు.

"పెట్రోల్ కాదు సార్," అన్నాడు అప్పలసూరి. మళ్ళీ గట్టిగా అన్నాడు. "పెట్రోల్ కాదు! కొత్తది పోసినా ఆగిపోయింది. నీళ్ళు పోసి ఇంజన్‌కి గాలాడకుండా చేసింది నానే. నూకరాజు తప్పేటీ లేదు."

కమిటీ వాళ్ళు మొహాలు చూసుకున్నారు. "నీళ్ళు పోస్తే వేడెక్కడమేంటండీ?" అన్నాడొకాయన. అప్పలసూరి రుమాల్లో మూటగట్టి ఉంచిన కాలిన పెళ్ళల్ని విప్పి చూపించాడు. అవి చేతులు మారాయి. ఒకాయన వాసన చూశాడు, ఒకాయన విరిచి చూశాడు. మీటింగ్ సంగతి మరిచి అందరూ మెషీన్ చుట్టూ చేరారు. దక్షిణామూర్తి ప్యాంటు పైకి లాక్కుని గొంతుక్కూర్చున్నాడు.

"లోపల ఎలా ఉంటుందో చూపించండి."

అప్పలసూరి స్పానర్ అందుకోబోయాడు. ఈలోగా నూకరాజు వచ్చి దాన్ని తీసుకున్నాడు. అతని కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నానిప్పుతాను బావా," అన్నాడు. "నువ్వు సెప్పు, ముందు ఏ బోల్టు?"