అమ్మ రంగు

చెవి వెనక పూయడం మరిచిపోయారు, ముఖానికీ మెడకీ మట్టిరంగు సమంగా పట్టించారు గాని చెవితమ్మె దాటాక తెల్లటి చర్మం అలాగే బయటపడుతోంది, ఇంత పెద్ద తెర మీద ఎవరికీ కనబడలేదా అనుకుంది నవీన, వెనక వరుసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని, కనబడే ఉంటుంది, కనబడినా ఏమనుకుంటారు, పాటలో అమ్మ నలుపు, నటించిన హమీదున్నీసా పాలమీగడ రంగు, కెమెరా పట్టిన కమ్రాన్ వాళ్ళమ్మ, మంచి మనిషే, అడిగితే కాదనలేకపోయి ఉంటుంది, అమ్మ నలుపు నా గెలుపు అని స్టేజి మీద మైకు నోటికి ఆనించి అరుస్తున్నవాడు మాత్రం తన కొడుకు ప్రణీత్, ఇక్కడ వాడి పేరు రేగడి, నల్లరేగడిలో రేగడి, ఆ మాట వాడికి చెప్పింది కూడా తనే, జగిత్యాల చేలు ఎట్లా ఉంటాయో చెబుతూ, హాలంతా పిల్లలు నలుపు నలుపు అని చేతులూపుతున్నారు, వీళ్ళలో ఎంతమందికి తెలుగు వచ్చో, ఒమానీలు, మలయాళీలు, పాకిస్తానీలు, అందరికీ ఆ ఒక్క మాట వచ్చేసింది.

అసలు మొదలైంది సలీం వల్ల, తాత జాంజిబార్ నుంచి వచ్చినవాడట, వీళ్ళ పాటలకు బీట్లు కట్టే పిల్లాడు, ఓ రోజు అన్నం వడ్డిస్తూ ఆ నల్ల పిల్లగాడు రాలేదా అంటే ప్రణీత్ ముద్ద ఆపి, గట్ల అనద్దమ్మా, నువ్వే గట్లంటే ఎట్ల, నిన్ను ఎవ్వలన్న గట్లంటే నీకు మంచిగనిపిస్తదా అన్నాడు, సిగ్గేసింది, ఆ సిగ్గులోంచే ఎక్కడో సంతోషం కూడా, ఇట్లాంటి మాట అనే మనిషి తన ఇంట్లోనే పుట్టాడని, అందుకే చెప్పింది, ఇరవై ఏళ్ళు కాపురం చేసిన గంగాప్రసాద్‌కు కూడా చెప్పనిది, పెళ్ళిచూపుల్లో మేనత్త మోచేతులదాకా పౌడరు రాస్తే, పెళ్ళికొడుకు తరఫున వచ్చిన పెద్దావిడ గాజులు చూసే వంకతో చెయ్యి పట్టుకుని, బొటనవేలు తడి చేసుకుని మణికట్టు మీద రుద్ది చూసిందని, ఆ మాట చెప్తే వాడు ఫోను పక్కన పెట్టేసి ఏడ్చాడు, దాని మీదే పాట కట్టి, వీడియోల నువ్వే ఉండాలమ్మా, మస్తుంటది అన్నాడు, ఖురియాత్ సముద్రం దగ్గర తీస్తామంటే గద్వాల చీర ఇస్త్రీ చేసి పెట్టుకుంది, గాలి ఎక్కువుంది క్యాన్సిలైంది అన్నాడు, ఇదిగో తెర మీద ఖురియాత్, పడవలు, ఆకు కూడా కదలడం లేదు, ఇదిగో ఆ బొటనవేలు కూడా వచ్చింది, మణికట్టుదాకా వచ్చి గాలిలోనే ఆగిపోయింది, రుద్దితే ఇక్కడ నలుపే ఊడొస్తుంది మరి.

చప్పట్లు, లైట్లు వేశారు, రావద్దమ్మా అంతా పోరగాండ్లే ఉంటరు అని వాడు అన్నా సంతోషపడతాడని ట్యాక్సీ ఎక్కి సీబ్‌లోని ఈ హాలు దాకా వచ్చింది, ఇప్పుడు ఎవరూ చూడకముందే వెళ్ళిపోదామని లేచేసరికి సలీం ఎదురొచ్చాడు, ఆంటీ మీరా అని, ఆమెకంటే నలుపు, తెర మీద కనబడ్డ ప్రతిసారీ నిగనిగలాడాడు, సగం ఇంగ్లీషు సగం హిందీలో, మీరే చేసి ఉంటే ఎంత బాగుండేది ఆంటీ, మీ ఇళ్ళలో ఆడవాళ్ళు కెమెరా ముందుకు రారట కదా, మీరు కుదరదన్నారని ప్రణీత్ చెప్పాడు, ఆ ఆంటీకి రంగు పూస్తుంటే నాకు నచ్చక ఆ రోజు లేచి వచ్చేశాను అన్నాడు, అతని వెనకే ప్రణీత్, చేతిలో కరక్ చాయ్ కప్పు, మెడలో గొలుసు, అమ్మా, నువ్వెప్పుడొచ్చినవ్, లైటింగ్ ప్రాబ్లమమ్మా, నువ్వైతే కెమెరాల సరిగ పడవు, ఇంటికొచ్చినంక చెప్త, జర ఆగు.

అవును నేనే వద్దన్నాను బాబూ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, ఎన్నిసార్లు కప్పిపుచ్చలేదు, టీచర్ల దగ్గర, వాళ్ళ నాన్న దగ్గర, అలవాటైన నోరు, కాని ఎందుకో నోరు వినలేదు, నన్ను అడిగాడు బాబూ, నేను సరేనన్నాను, చీర కూడా తీసి పెట్టుకున్నాను అంది, సలీంకు అర్థమయ్యే హిందీలోనే, మెల్లగా, అని కొడుకు ముఖంలోకి చూసింది, తల దించుకుంటాడేమో అని, వాడు తలెత్తే ఉన్నాడు, ఆమె వైపు చూడలేదు, ముందు కుడివైపు చూశాడు, తర్వాత ఎడమవైపు, ఇంకెవరైనా విన్నారా అని, అప్పుడు, ఆ చూపు తిరిగి తన దగ్గరికి రాకముందే, నవీనకు తెలిసిపోయింది, ఆ రోజు వాడు ఏడ్చింది నిజమే, ఆ ఏడుపు కథకు, ఆ కథ ఎవరిదైనా వాడు అట్లాగే ఏడ్చేవాడు, వాడికి పాటలో అమ్మ కావాలి, పక్కన నిలబడే అమ్మ అక్కర్లేదు.