అల్లుడుగారి కొండ

ఆ ఇంట్లో పొద్దున్నే కాఫీ కంటే ముందు కొండ కనిపించేది. నిజం కొండ కాదు, పెడనలో కొండలెక్కడ ఏడ్చాయి? కంప్యూటర్లో కొండ. కింద బొమ్మ మనిషి ఒకడు భుజాన మూట వేసుకుని నిలబడి ఉంటాడు. పైన శిఖరం మీద జెండా. మధ్యలో మెట్లలాగా డబ్బాలు. ఒక పని అయిందంటే ఒక డబ్బా పచ్చబడుతుంది, బొమ్మ మనిషి ఒక మెట్టు ఎక్కుతాడు. జెండా పక్కన 'మన లక్ష్యం: మూడొందల దుప్పట్లు, ఏప్రిల్ పదకొండు' అని లావుపాటి అక్షరాలు. ఆ కొండని చూస్తేనే సత్యవతమ్మకి ఒళ్లు మండిపోయేది.

ముప్పై ఏళ్లుగా కలంకారీ అద్దకంలో ఉన్న మనిషి ఆవిడ. భర్త పోయాక షెడ్డు మొత్తం ఒంటిచేత్తో నడుపుకొచ్చింది. ఏ గుడ్డ కరక్కాయ నీళ్లలో నానుతోందో, ఏది అచ్చుల బల్ల మీద ఉందో, ఏది కాలవగట్టున రాగి కాగులో ఉడుకుతోందో కళ్లు మూసుకుని చెప్పేది. అలాంటి మనిషికి ఎక్కడి పని అక్కడ ఉందని చెప్పడానికి ఒక కొండా, దాన్నెక్కడానికి ఒక బొమ్మా! కానీ ఆ మాట పైకి అనడానికి లేదు. కొండ అల్లుడుగారిది.

దుర్గాప్రసాద్ ఇల్లరికం అల్లుడు. గుడివాడలో కంప్యూటర్ కోర్సులు చెప్పే ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసేవాడు. అది మూతపడ్డాక, ఏడాది క్రితం, సత్యవతమ్మ ఒక్కగానొక్క కూతురైన తన భార్య మాధవితో పాటు ఇక్కడికే వచ్చి ఉన్నాడు. నెమ్మదస్తుడు, ఒక చెడు అలవాటు లేదు. రెండు నెలల కిందట బెజవాడ వెళ్లి ఆ కొండ ఉన్న సీడీ తెచ్చాడు. లక్ష్యం పెట్టుకోవడం, దాన్ని ముక్కలు చేసుకోవడం, రోజూ ఎంత ఎక్కామో చూసుకోవడం, అంతా బొమ్మల్లోనే అని మాధవికి గంటసేపు చెప్పాడు.

మాధవికే ఎందుకు చెప్పాడంటే, ఆ ఇంట్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడదు. సత్యవతమ్మ అమ్మమ్మ మాట్లాడలేదు, అమ్మ మాట్లాడలేదు, ఈవిడా మాట్లాడదు. అల్లుడు వసారాలో ఉంటే ఈవిడ తలుపు చాటున ఉంటుంది. రెండు మూరల దూరంలో మనిషిని పెట్టుకుని, "అమ్మాయ్, అల్లుడుగారు ఇంకో ఇడ్లీ వేసుకుంటారేమో అడుగు" అంటుంది. అతను వినే ఉంటాడు. అయినా మాధవి అడిగితేనే జవాబిస్తాడు. మధ్యలో ఆ పిల్ల ప్రాణం విసిగిపోయేది.

కొండ పెట్టిన మొదటిరోజు దుర్గాప్రసాద్ షెడ్డులో వాళ్లందరినీ వసారాలో కూర్చోబెట్టి, మీ మీ లక్ష్యాలేమిటో చెప్పమన్నాడు.

అద్దకంలో పెద్ద చెయ్యి నాంచారయ్య బుర్ర గోక్కుని, "లక్ష్యం అంటే ఏముంది బాబూ, ఒంటిగంటకి ఇంత అన్నం" అన్నాడు.

గుడ్డ ఉడకబెట్టే చిలకమ్మ, "కట్టెలు తడవకుండా ఉంటే నాకదే చాలు బాబూ" అంది.

ఆయన నవ్వలేదు. రెండూ కంప్యూటర్లో కొట్టాడు. నాంచారయ్య అన్నం ఒక డబ్బా అయి కొండకి వేలాడింది. ఆ తరవాత నలభై రోజుల్లో నిజాయితీగా పచ్చబడిన డబ్బా ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఆ మూడొందల దుప్పట్లు సత్యవతమ్మకి మామూలు బేరం కాదు. ఇన్నాళ్లూ ఆవిడ గుడ్డ బందరు వ్యాపారి పేరు మీదే బయటికి వెళ్లేది. హైదరాబాదులో పెద్ద కొట్టు నడిపే అరుణకుమారి అనే ఆవిడ స్వయంగా పెడన వచ్చి, గుడ్డ చేత్తో తడిమి చూసి, మీ పేరుతోనే అమ్ముతానంది. చెప్పిన రోజుకి అందితే ఏడాది పొడుగునా పని ఇస్తానంది. అది చెయ్యి జారితే షెడ్డు మూసుకోవడమే. నాంచారయ్య కొడుకులిద్దరూ అప్పటికే స్క్రీన్ ప్రింటింగ్ షెడ్డుల్లోకి వెళ్లిపోయారు. పనిలేకపోతే రేపు నాంచారయ్యా వెళ్తాడు. అతను వెళ్లాక అచ్చులు పట్టే చెయ్యి ఈ షెడ్డుకి ఇంకోటి దొరకదు.

గడువు ఏప్రిల్ పదకొండు. అసలు గడువు మాత్రం దానికి ఒకరోజు ముందే ఉంది, పదో తారీకు సాయంత్రం కాలవ కట్టేస్తారు. అద్దిన గుడ్డని ఉడకబెట్టే ముందొకసారి, తరవాతొకసారి పారే నీళ్లలోనే జాడించాలి. నిలవనీళ్లలో ముంచితే ఎరుపు పట్టడానికి అద్దిన పటిక ఊడి పక్కన అంటుకుని మరకలు కడుతుంది. ఎండాకాలం కాలవ కట్టేశారంటే మళ్లీ వదిలేదాకా రెండు నెలలు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

ఇంత గడువు నెత్తిమీద పెట్టుకుని రోజూ పొద్దున్నే కొండ ఎదురుగా నిలబడాలి. అల్లుడుగారు పేరు పేరునా అడుగుతారు. "నాంచారయ్యగారూ, నిన్నటి పది దుప్పట్లు అయ్యాయా?" అయ్యాయి బాబూ. "చిలకమ్మగారూ, ఉడకబెట్టడం అయిందా?" ఆఁ, అయిపోయినట్టే బాబూ. టక్కున ఒక నొక్కు, డబ్బా పచ్చ. బొమ్మ మనిషి హుషారుగా ఎక్కేస్తున్నాడు. షెడ్డులో పని గంట ఆలస్యంగా మొదలవుతోంది. సత్యవతమ్మ తలుపు వెనక పళ్లు నూరుకునేది. "అమ్మాయ్, ఎండ పోతోందని చెప్పవే" అని గొణిగితే, మాధవి కళ్లతోనే బతిమాలేది, ఊరుకో అమ్మా అని.

ఇదివరకైతే ఆవిడే పూటపూటా కాలవగట్టుకి వెళ్లి మూటలు చూసొచ్చేది. ఇప్పుడు అదీ మానుకుంది. అల్లుడుగారు అయిందని తేల్చాక మళ్లీ అత్తగారు వెళ్లి చూస్తే ఆయన మాట నమ్మనట్టే కదా. ఆయన పెద్దరికం నిలబెట్టాలి కదా. ఏం చేస్తాం కర్మ అనుకుని ఊరుకుంది.

ఎనిమిదో తారీకు మధ్యాహ్నానికి బొమ్మ మనిషి జెండా పట్టుకున్నాడు. దుర్గాప్రసాద్ హైదరాబాదుకి ఫోన్ చేసి, లారీ పదకొండో తారీకు పొద్దున్నే బయల్దేరుతుందండీ అని చెప్పేశాడు. సత్యవతమ్మకి కూడా, ఎంత తిట్టుకున్నా, గుండె తేలికపడింది. మూటలు కట్టడానికి గోనెపట్టాలు ఎన్ని కావాలో చిలకమ్మని అడుగుదామని చాలా రోజుల తరవాత కాలవగట్టుకి వెళ్లింది.

తాటాకు పాక కింద అద్దిన దుప్పట్లు గుట్టగా పడి ఉన్నాయి. నల్ల గీతలు తప్ప ఎరుపు ఎక్కడా ఎక్కలేదు. అంటే ఇంకా ఉడకలేదు. ఆవిడ ఒక్కొక్కటీ తీసి పక్కన పెడుతూ లెక్కపెట్టింది. నూటపది.

"ఏందే ఇది?" అంది. "మూడొందలూ అయిపోయాయని చెప్పావుగా పొద్దున?"

చిలకమ్మ కాగు కింద కట్టె ఎగదోస్తూ తలెత్తలేదు. "అవుతాయిలే అనుకుని చెప్పానమ్మగారూ. ఆయన అట్టా వంగి, గారూ అని అడుగుతుంటే అవలేదని నోరెట్టా వస్తుందండీ? అల్లుడుగారాయె. మొహం చిన్నబోతుంది."

అప్పుడే మూట దించడానికొచ్చిన నాంచారయ్య మీద పడింది సత్యవతమ్మ. "నీ బుద్ధేమైంది నాంచారయ్యా? నలభై ఏళ్లు పనిచేసినవాడివి, నువ్వు కూడానా? ఎవడి కోసం ఈ అబద్ధాలు? కాలవ ఎల్లుండి కట్టేస్తున్నారు, కాలవ కాపలా లస్కరు ఊరంతా చెప్పుకుంటూ వెళ్తున్నాడు, వినపడలేదా మీకు? నా కొంప ముంచడానికి అందరూ కూడబలుక్కున్నారా?"

నాంచారయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుని నెమ్మదిగా అన్నాడు. "కోప్పడకండి అక్కయ్యగారూ. మొదటివారం కరక్కాయ వేసిన గుడ్డ మా బల్లల మీదికి రానేలేదు. రెండురోజులు ఉత్త చేతుల్తో కూర్చున్నాం. ఆ పొద్దున అల్లుడుగారు కరక్కాయ అయిందా అని అమ్మాయిగారి చేత అడిగిస్తే, తలుపు చాటునుంచి మీరు తలూపారు. నేను చూశా. మీరే లేదనలేకపోతే మేమెంతండీ?"

సత్యవతమ్మకి గుర్తొచ్చింది, కరక్కాయ ముంచడం తన పనే. నిజమే. ఆ రోజు ఇంకా నలభై ముక్కలు ముంచాల్సి ఉంది. రేపటికి ముంచేస్తాలే అనుకుని తలూపింది. ఆయన డబ్బా పచ్చ చేసుకున్నాడు. అక్కడ తప్పిన రెండురోజులు మళ్లీ పూడలేదు. ఎవరికి వాళ్లు వెనక పడుతూ, ఎవరికి వాళ్లు తలూపుతూ, గుట్ట ఇక్కడ పేరుకుంది. ఇందాక వాళ్లని అన్న మాటలన్నీ ఇప్పుడు తనకే తగిలాయి. సిగ్గేసింది.

ఇంటికి ఎలా నడిచిందో ఆవిడకే తెలీదు. వసారాలో దుర్గాప్రసాద్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. అత్తగారు ఎదురుగా, తలుపు చాటు లేకుండా, చెమటలు కక్కుతూ నిలబడేసరికి కంగారుగా లేచాడు. మాధవి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. "ఏంటమ్మా, నాతో చెప్పు, నేను చెప్తా."

"నువ్వుండవే" అంది సత్యవతమ్మ. అల్లుడి మొహంలోకి చూసింది. ఏడాదిలో ఆ మొహం సరిగ్గా చూడటం ఇదే మొదటిసారి. "అవలేదు బాబూ. నూటపది ఇంకా ఉడకనే లేదు. వాళ్లని అనేదేం లేదు. మొట్టమొదట కరక్కాయ అయిందని అబద్ధం చెప్పింది నేనే."

అతను కంప్యూటర్ వంక చూడలేదు. "నాతో ఒక్కరైనా అనొచ్చు కదండీ" అన్నాడు.

"ఎట్టా అంటాం? అల్లుడివి."

"అదేనండీ" అన్నాడతను. "వచ్చిన కొత్తల్లో అచ్చు పట్టుకుంటే నాంచారయ్యగారు చేతిలోంచి తీసేసుకున్నారు. బిందె ఎత్తితే చిలకమ్మ లాక్కుంది. మీరెందుకు బాబూ, మీరు కూర్చోండి. పొద్దున లేస్తే ఇదే మాట. ఏడాదిగా కూర్చునే ఉన్నానండీ. కూర్చుని చెయ్యగలిగిన పని నాకు ఇదొక్కటే కనపడింది. ఇది కూడా ఉత్తదే చేశారు మీరు."

మాధవి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సత్యవతమ్మకి జాలేసింది. ఆ జాలి మీద మళ్లీ చిరాకేసింది. ఇంత మర్యాద చేసి, ఇంత అపురూపంగా చూసుకుని, మనిషిని ఇంట్లో ఏ పనికీ రాకుండా చేసింది తామే కదా.

"అయితే లుంగీ కట్టుకుని రా" అంది. "ఆ చొక్కాతో కాలవలోకి దిగితే పటిక మరకలు పోవు."

ఆ రెండురోజులు కాలవగట్టున కాగులు చల్లారలేదు. దుర్గాప్రసాద్ నడుముల్లోతు నీళ్లలో నిలబడ్డాడు. మొదటి గంటలోనే రెండు దుప్పట్లు కాలవలో వదిలేస్తే నాంచారయ్య ఈదుకెళ్లి పట్టుకొచ్చాడు. గట్టుమీంచి సత్యవతమ్మ గొంతు అవతలి చేలదాకా వినిపించింది. "ఎదురు గుంజకు, గుడ్డ చిరుగుతుంది! నీళ్లతో పోనీ. చెయ్యి పైకెత్తు. అబ్బా, పైకంటే పైకి!" కూలీలంతా చేతిలో పని ఆపి చూశారు. అల్లుణ్ణి అత్త అలా అదలాయించడం వాళ్లెన్నడూ ఎరగరు. అతను మాత్రం అలాగేనండీ, అలాగేనండీ అంటూ చెప్పినట్టే చేశాడు. రెండోరోజుకి చేతులు పటికకి పగిలాయి.

పదో తారీకు సాయంత్రం లాకుల దగ్గర తలుపులు దించారు. నీళ్లు మోకాళ్లకి దిగాయి, తరవాత చీలమండలకి. ఆఖరికి బురద తేలింది. ఇరవై ఆరు దుప్పట్లు మిగిలిపోయాయి.

దుర్గాప్రసాద్ గట్టుమీదే నిలబడి సెల్‌ఫోన్‌లో హైదరాబాదుకి మాట్లాడాడు. "అవలేదండీ. ఇరవై ఆరు మిగిలాయి. నేను మీకు తప్పు చెప్పాను." అవతల అరుణకుమారి చాలాసేపు ఏదో అంది. అతను వింటూ తలూపాడు. ఫోన్ పెట్టేసి నేరుగా అత్తగారితోనే చెప్పాడు. "ఉన్నవి పంపమన్నారండీ. మిగతావి కాలవ వదిలాక చూస్తారట. ఏడాది పని సంగతి మాత్రం అప్పుడే చెప్తారట. ఇప్పుడేం మాటివ్వలేనన్నారు."

"ఇవ్వదు మరి. నేనైనా ఇవ్వను" అంది సత్యవతమ్మ. గట్టుమీద చతికిలబడింది. జూన్ దాకా ఈ షెడ్డు ఉంటుందో ఊడుతుందో తేలదు. ఏడవాలనిపించింది కానీ ఇంతమంది ముందు ఏడవడం ఆవిడకి చేతకాదు.

ఆఖరి తడి మూట నీళ్లోడుతూ గట్టుమీద ఉంది. దుర్గాప్రసాద్ వంగి దాన్ని భుజానికెత్తుకోబోయి తూలాడు. చిలకమ్మ గబగబా వచ్చి చేతులు చాపింది. "అయ్యో, మీరెందుకు బాబూ, ఇటివ్వండి."

"వదిలెయ్ చిలకమ్మా, మొయ్యనీ" అంది సత్యవతమ్మ.

"పడేస్తారేమోనమ్మగారూ, బురదలో."

"పడేస్తే తిడతాను."